తీపి వచ్చేదాకా సంధి వద్దు

బ్రిటన్, రష్యా ఆస్థానాల మధ్య పద్దెనిమిదో శతాబ్దంలో నడిచిన వర్తక చర్చలు గత గురువారం దోహాలోని అల్ సద్‌లో, ఒక హోటల్ భోజనశాలలో, విందు అతిథుల వినోదం కోసం మళ్ళీ జరిగాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. బ్రిటన్ రాయబారిగా అనంతపురం జిల్లా రామాంజులు, రష్యా మంత్రిగా జగిత్యాల జిల్లా జలంధర్ వ్యవహరించారు. వీరి అర్హతలను శంకించే పనిలేదు. అద్దెకు తెచ్చిన జరీ కోట్లు ఈ ఇద్దరికే సరిపోయాయి.

మామూలు రోజుల్లో వీరు ఇలాంటి విందులకు వేదికలు కట్టే కంపెనీలో పనివారు. బర్వా అల్ బరాహా కార్మికుల వసతిలో ఇద్దరిదీ ఒకే గది. వారం రోజులుగా మాటల్లేవు. కారణం పప్పు. వండేది జలంధర్, తినేది రామాంజులు. తినేవాడు ఫోన్లో భార్య హనుమక్కతో "ఈయప్ప పప్పు కషాయం మాదిరి ఉంటాది" అనడం వండేవాడి చెవిన పడింది. ఆ రోజు నుంచే గరిటె సమ్మె చేసింది. రామాంజులు ఖుబ్బూస్ రొట్టెను టీలో ముంచుకుని ప్రాణం నిలుపుకుంటున్నాడు.

విందు ఏర్పాట్లు చూసే ముఖీత్ హైదరాబాదీ. ఆయన ఆదేశాలు సుస్పష్టం. "మీ ముంగట మైకులుండయ్. ఏం మాట్లాడుకుంటరో మీ ఇష్టం. మొఖాలు మాత్రం సీరియస్‌గ ఉండాలె. స్వీట్ వచ్చినంకనే చేతులు కలపాలె. అప్పటిదాంక సంధి గింధి మాఫీ, అంటే లేనే లేదు!"

సూపుతో పాటు చర్చలు మొదలయ్యాయి. చరిత్ర ఆచార్యులొకరు మైకు అందుకుని తెలుగు రాని అతిథులకు ఇంగ్లీషులో వివరించసాగారు.

"గమనించండి! ఓడలకు కావలసిన కలప, తాళ్ళకు కావలసిన నార రష్యా దగ్గరున్నాయి. అందుకే ఆ మంత్రి ముఖం తిప్పుకున్నాడు!"

ముఖం తిప్పుకున్న మాట నిజమే. "మా అవ్వ నేర్పిన పప్పు అది. కషాయమంటవా?" అన్నాడు జలంధర్, విగ్గు సవరించుకుంటూ.

"అట్ల కాదన్నా..." అన్నాడు రామాంజులు.

"బ్రిటన్ మెత్తబడుతోంది. సామ్రాజ్యాలు మెత్తబడినప్పుడే ప్రమాదం!" అని ఆచార్యులు హెచ్చరించారు. అతిథులు ఫోన్లు ఎత్తారు.

"నా మాట ఇను జలంధరన్నా. నీ వంట బాగుంటాదా, తన వంట బాగుంటాదా అని అడిగింది హనుమక్క. నీదే అంటే, సెలవుకు పోయినప్పుడు నాకు కూడు పెడతాదా? అందుకే కషాయమని చెప్తి." రామాంజులు చెంచా కింద పెట్టాడు. "ఒక్కన్నే కూచోని తింటాంటే ముద్ద దిగలేదన్నా."

జలంధర్ బల్ల మీద పరిచిన యూరప్ పటాన్ని మడిచి పక్కన పెట్టాడు. తరువాత పక్కున నవ్వాడు. "గీ ముచ్చట ముందుగాలనే చెప్పరాదుర తమ్మీ! ఒక్కనికి వండబుద్ధిగాక నేను గూడ సరిగ తింటలేను." లేచి బ్రిటన్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

అప్పటికింకా సూపు గిన్నెలే తీయలేదు. భోజనశాలలో ఘోరమైన శాంతి నెలకొంది. ఎత్తిన ఫోన్లు దిగాయి. ఒక పెద్దమనిషి ఆవులించారు. మరొకరు కారు తెమ్మని డ్రైవర్‌కు కబురంపారు. ప్రసంగం ఇంకా సగమైనా కాని ఆచార్యులు దిక్కులు చూశారు. తెర వెనక ముఖీత్ తల పట్టుకున్నారు. "అరే, కొట్లాడుండ్రి! గెస్టులు పోతున్నరు! యల్లా, జల్ది!"

ఉద్యోగధర్మం గొప్పది. రాయబారులు విడివడి కళ్ళురిమారు. జలంధర్ బల్ల గుద్ది గర్జించాడు: "రేపు గోంగూర పప్పు జెయ్యాల్నా, వద్దా?"

"చెయ్యాల! ఎండుమిరపకాయలు దండిగా ఎయ్యాల!" రామాంజులు కుర్చీని ఒక్క తన్ను తన్నాడు.

"ఎల్లిపాయ పొట్టు నువ్వే తియ్యాలె!"

"తీస్తా! గిన్నెలు గూడా కడుగుతా! ఏం చేసుకుంటావో చేసుకో!"

"యూరప్ యుద్ధం అంచున నిలిచింది!" ఆచార్యుల కంఠం వణికింది. వెళ్ళబోయినవారు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. తీపి వచ్చి బల్లల మీద కరిగిపోయింది, తినే తీరిక ఎవరికీ లేదు.

ఆ కొట్లాట వీడియో ఇప్పుడు ఊళ్ళకు చేరింది. అందులో ఆచార్యుల గొంతు తప్ప మరేదీ వినబడదు. "దుబాయ్‌ల మనోన్ని కొడుతున్నరు" అని, గల్ఫంతా దుబాయే అనుకునే ఒక జిల్లా, "మావోన్నే తిడతాండారు" అని ఇంకో జిల్లా కామెంట్లలో హోరాహోరీగా పోరాడుతున్నాయి. రెండు వైపులా ఆత్మగౌరవ సంఘాలు వెలిశాయని, అధ్యక్షులు కూడా కుదిరారని వినికిడి. కౌగిలింత వీడియో కూడా దాని పక్కనే ఉంది. ఇంతవరకు ఎవరూ తెరవలేదు. మీరు మాత్రం తప్పక చూస్తారని మాకు తెలుసు, ముందు కొట్లాట చూసి, మీది ఏ పక్షమో తేల్చుకున్నాక.