తనంతట తానే నిండే గడి

మన దేశంలో ప్రతి పౌరుడికీ పుట్టగానే ఒక పేరు, బడిలో చేరగానే ఒక నంబరు, ఉద్యోగంలో చేరగానే నలభై ఏడు పాస్‌వర్డులు సంక్రమిస్తాయి. మొదటి రెండూ మనిషితో పాటే పోతాయి. మూడోవి మాత్రం తొంభై రోజులకోసారి చచ్చి మళ్లీ పుడతాయి. పుట్టిన ప్రతిసారీ ఒక పెద్దక్షరం, ఒక అంకె, కీబోర్డు మీద ఎవరూ ముట్టుకోని ఒక గుర్తు తమకు కావాలంటాయి.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా అర్థం చేసుకున్న మనిషి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడని యోబు సారు అభిప్రాయం. ఆ ఒక్కడూ యోబు సారే.

యోబు ఆళ్లగడ్డ దగ్గరి ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్తాడు. కాపురం నంద్యాలలో. భార్య ఏంజెల్ అక్కడి ఆసుపత్రిలో నర్సు. కూతురు కీర్తన ఆరో తరగతి. తొమ్మిదేళ్లుగా ఆయన పొద్దున కీర్తన లేవకముందే బస్సెక్కి, సాయంత్రం ఆమె హోంవర్కు ముగించాక దిగుతున్నాడు. మొన్నామధ్య బడిలో 'మా కుటుంబం' గురించి రాయమంటే కీర్తన, "మా అమ్మ నర్సు. మా నాయన ఆదివారం ఉంటాడు" అని రాసింది. వాళ్ల టీచరు దానికి టిక్కు పెట్టింది.

రెండేళ్ల కిందట యోబును నంద్యాలలో జరిగిన 'డిజిటల్ భద్రత' శిక్షణకు పంపారు. (వేరే ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి పంపారు. తనను ఎంపిక చేశారని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.) తిరిగొచ్చిన మర్నాడే స్టాఫ్ రూములో అందరూ చూస్తుండగా పాస్‌వర్డులు రాసుకున్న తన పాత డైరీని ముక్కలు ముక్కలుగా చించేశాడు. శిక్షణలో కూర్చున్నప్పుడే ఫోనులో 'ద్వారపాలక్' అనే యాప్ వేసుకుని ఉన్నాడు. అది ఇరవై నాలుగు అక్షరాల పాస్‌వర్డులు తానే పుట్టిస్తుంది, తానే దాచుకుంటుంది, గడి కనబడగానే తానే నింపుతుంది. మనిషి గుర్తుపెట్టుకోవలసింది యాప్‌ను తెరిచే ఒక్క పాస్‌వర్డే.

"మనిషి వేలు తప్పు చేస్తుంది, యాప్ చెయ్యదు" అని యోబు ఊరూరా తిరిగి బోధించాడు. ఆయన మాట విని అరవై మంది ఉపాధ్యాయులు తమ డైరీలు చించుకున్నారు.

చించనివాడు ఒక్క తెలుగు పండితుడు నరసింహులు. దొర్నిపాడు రైతు కుటుంబం.

"నాకు రెండే పాస్‌వర్డులప్పా" అన్నాడు ఆయన. "ఒగటి మా తెల్లెద్దు పేరు, ఇంగోటి మా ఎర్రెద్దు పేరు."

"తొంభై దినాలకు మార్చల్ల గదన్నా?"

"మార్చల్లంటే తెల్లదాని తావున ఎర్రది, ఎర్రదాని తావున తెల్లది."

యోబు ఆయన అజ్ఞానానికి జాలిపడ్డాడు. ఆ జాలి ఒక సోమవారం పొద్దున దాకా నిలిచింది.

ఆ సోమవారం బస్సు నంద్యాల దాటగానే ద్వారపాలక్ తెర మీదికి వచ్చి, "మరింత మెరుగైన అనుభవం కోసం కొత్త వెర్షన్" అని ప్రకటించింది. కింద రెండు మీటలు: 'ఇప్పుడే', 'తర్వాత'. పాత అనుభవంతో యోబుకు ఏ ఇబ్బందీ లేదు. అయినా 'తర్వాత' అని నొక్కేవాళ్లను శిక్షణ తరగతుల్లో ఎగతాళి చేసేది ఆయనే కాబట్టి 'ఇప్పుడే' నొక్కాడు. సిరివెళ్ల దగ్గర సగం దిగింది. ఆళ్లగడ్డలో ఆయన, బస్సులోంచీ, యాప్ పాత వెర్షన్‌లోంచీ ఒకేసారి దిగాడు.

బడిలో మధ్యాహ్న భోజనం వివరాలు ఎక్కించేది యోబే. 'ఈ రోజు అందిన గుడ్లు' అన్న గడిలో నూట నలభై రెండు అని వేసి, సమర్పించు మీట నొక్కాడు. వేలికీ మీటకీ మధ్య ఉన్న అరక్షణంలో ద్వారపాలక్ మేలుకొని, ఆ గడిని తనకు తెలిసిన అతి ముఖ్యమైన అంకెతో నింపింది.

పదకొండు గంటలకు ఉప నోడల్ అధికారి (గుడ్లు) క్రాంతి కుమార్ నుంచి ఫోను వచ్చింది.

"సార్, మీ బడికి ఈ పొద్దు తొమ్మిది వందల ఎనభై నాలుగు కోట్ల గుడ్లు వచ్చినాయా?"

"లేదు సార్. నూట నలభై రెండు."

"ఈడ అట్ల చూపిస్తాంది మరి."

"అది నా ఫోను నంబరు సార్."

"గుడ్ల గడిలో ఫోను నంబరు ఎందుకేసినారు?"

"నేనెయ్యలేదు సార్. యాప్ ఏసింది."

క్రాంతి కుమార్ మంచివాడు. "యాప్ ఏసిందంటే పైన ఒప్పుకోరు గానీ, పగిలినవి ఎన్నో రాసియ్యండి. ఆటిని తీసేసి మిగిలినవి చూపిస్తా."

ఆ విధంగా యోబు, తన ఫోను నంబరులోంచి నూట నలభై రెండు తీసివేయగా వచ్చినన్ని గుడ్లు దారిలో పగిలిపోయాయని సంతకం చేసి ఇచ్చాడు. (లెక్కల మాస్టారు జోసెఫ్ రెండుసార్లు సరిచూశాడు. తీసివేతలో తప్పు లేదు.)

గుడ్లతో పోయుంటే యోబు నవ్వుకునేవాడే. కానీ అదే వారం ఉపాధ్యాయుల బదిలీలకు ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టుకోవాలి. బుధవారం సాయంత్రం అయిదింటికి ఆఖరు. నంద్యాల టౌనులో, వాళ్ల ఇంటి నుంచి నడిచిపోయే దూరంలో, ఒక సోషల్ ఖాళీ ఉంది. పాయింట్ల జాబితాలో యోబుది రెండో పేరు. మొదటి పేరు గల ఆయన నందికొట్కూరు వాడు, అక్కడికే పోతానని ఒట్టేసి చెప్పాడు. కాబట్టి ఆ ఖాళీ యోబుదే. కోరుకోవడం ఒక్కటే బాకీ.

సోమవారం మధ్యాహ్నం కోరుకోబోయాడు. లాగిన్ గడిలో ద్వారపాలక్ కరెంటు కనెక్షన్ నంబరు పెట్టింది. చెరిపాడు. గ్యాస్ పుస్తకం నంబరు పెట్టింది. చెరిపాడు. మూడోసారి కీర్తన పుట్టినరోజు పెట్టింది. అది చూసి ఒక క్షణం ఆయన మనసు కరిగింది, ఆ క్షణంలోనే వేలు తగిలింది. చెరిపినవి కూడా లెక్కలోకి వచ్చి, మూడు తప్పులు అయినందున అకౌంటు ఇరవై నాలుగు గంటలు మూతపడింది. మంగళవారం మధ్యాహ్నం తెరుచుకోగానే యోబు మళ్లీ ప్రయత్నించాడు. ద్వారపాలక్ కూడా ప్రయత్నించింది. మళ్లీ మూతపడింది.

యాప్ వాళ్లకు ఫిర్యాదు చేద్దామని వాళ్ల సహాయ కేంద్రం తెరిచాడు. ఫిర్యాదు చేయాలంటే ముందు లాగిన్ కావాలంది. ఆ గడిని నింపే బాధ్యత కూడా ద్వారపాలకే తీసుకుంది. "వివరాలు సరిపోలలేదు. మీరు నిజంగా మీరేనా?" అని తెర అడిగింది. యోబు జేబులోంచి తన గుర్తింపు కార్డు తీసి చూసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి రాగానే ఏంజెల్ అడిగింది. "ఆప్షన్ పెట్టినావా?"

"రేపు పెడతా."

"నిన్న గూడా రేపే అన్నెవ్."

"అకౌంటు లాకయింది."

"ఎవురు చేసినారు లాకు?"

"నేనే."

"ఆ యాప్‌ను పక్కన పెట్టి చేత్తో కొట్టు మరి."

"పాస్‌వర్డు నాకు తెల్దు."

ఏంజెల్ యూనిఫాం మడతపెట్టడం ఆపింది. "నీ పాస్‌వర్డు నీకే తెల్దా?"

"అదే భద్రత" అన్నాడు యోబు. ఆ మాట తరగతిలో చెప్పినంత గంభీరంగా ఇంట్లో రాలేదు.

"మా ఆసుపత్రిలో ఇట్ల తెల్దు తెల్దు అనేటోళ్లకు ముందు తలకు స్కానింగ్ రాస్తారు" అని ఆమె మళ్లీ మడత పెట్టసాగింది. లోపలి గదిలోంచి కీర్తన, "నాయనా, కొత్త బడికి పోతే నువ్వు నన్ను సైకిలు మీద దింపుతావు గదా?" అని అరిచింది. దింపుతానని యోబు మాటిచ్చాడు.

బుధవారం నంద్యాలలోనే పని పడింది. డెబ్భై మంది ఉపాధ్యాయులకు 'బలమైన పాస్‌వర్డు: ఎందుకు, ఎలా' అన్న అంశం మీద యోబు సారు ప్రసంగం. ముందు వరుసలో డివిజనల్ సాంకేతిక సాక్షరతా పర్యవేక్షకుడు శ్యాంసుందర్ గారు కూర్చున్నారు. రెండేళ్ల కిందటి శిక్షణలో యోబుకు పాఠం చెప్పింది ఈయనే. ఆ రోజు ఆయన మూడు గంటలు ఆపకుండా మాట్లాడారు. సరిగ్గా ఆ మూడో గంటలోనే ద్వారపాలక్, తనను తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డు ఏదో ఒకటి పెట్టమని యోబును అడిగింది. యోబు ఆ క్షణంలో మనసులో ఏముందో అదే పెట్టాడు.

ఫోనును ప్రొజెక్టరుకు తగిలించి, గోడంత తెర మీద ఒక వెతుకులాట గడి తెరిచి, "ఇప్పుడు చూడండి" అన్నాడు యోబు. అందరూ చూశారు. గడిలో ఒక్కో అక్షరం జానెడు పొడవున నిలిచింది. ఇంగ్లీషు లిపిలో, నల్లటి చుక్కల ముసుగు లేకుండా, 'శ్యాంసుత్తి@3గంటలు'.

(తాళంచెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేయకూడదన్నది యోబు చెప్పే మూడో నియమం. కొత్త వెర్షన్ ఆ శిక్షణకు హాజరు కాలేదు.)

శ్యాంసుందర్ గారు కళ్లద్దాలు పెట్టుకొని, మొదటి నుంచి చివరిదాకా నింపాదిగా చదివారు.

"పెద్దక్షరం ఉంది. చిన్నక్షరాలుండాయి. అంకె ఉంది. గుర్తు ఉంది" అన్నారు. "బలమైన పాస్‌వర్డే. రాసుకోండప్పా అందరూ." నిజంగానే కొందరు రాసుకున్నారు. "కాకపోతే అందరికీ తెలిసిపాయ. ఇప్పుడే, ఈడనే మార్చు."

యోబు డెబ్భై మంది ఎదుట కొత్త పాస్‌వర్డు పెట్టాడు. పెట్టగానే ద్వారపాలక్, "అభినందనలు. మీ పాత వివరాలన్నీ పునరుద్ధరించబడ్డాయి" అంది. తరగతి ముగిశాక ఆయన ఎవరి కళ్లలోకీ చూడకుండా వరండాలోకి నడిచి, ఒక సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. నాలుగూ నలభై అయింది.

బదిలీల పేజీ తెరిచాడు. ఈసారి లాగిన్ గడిలో సరైన పాస్‌వర్డు సరైన తీరున కూర్చుంది. యోబు కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది. మొదటి ఆప్షన్ గడిలో నంద్యాల బడి కోడు, పదకొండు అంకెలు, ఒక్కొక్కటే చూసుకుంటూ చేత్తో కొట్టాడు. అది వస్తుందని ఖాయం కాబట్టి రెండో ఆప్షన్ పెట్టలేదు. సమర్పించు మీట నొక్కాడు. 'స్వీకరించబడింది' అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. కింద ఉన్న పదకొండు అంకెలను మళ్లీ చదివి ఉండవచ్చు. కానీ ఏంజెల్‌కు ఫోను చేయడం ముఖ్యమనిపించింది.

"పెట్టేసినా" అన్నాడు.

ఎనిమిది రోజుల తర్వాత, బస్సులో, సందేశం వచ్చింది. "మీరు కోరుకున్న మొదటి స్థానమే మీకు లభించింది. అభినందనలు." దాని కింద బడి పేరు ఉంది. అది పాములపాడు మండలంలోని ఒక ఊరి ఉన్నత పాఠశాల. నంద్యాల నుంచి వెలుగోడు మీదుగా ఆత్మకూరు, అక్కడ బస్సు మారి ఇంకా ముందుకు, చివర ఆటో.

యోబుకు మెల్లగా గుర్తొచ్చింది. కిందటి మార్చిలో పదో తరగతి పరీక్షల డ్యూటీకి ఆ బడికి పోయి, అక్కడి కోడును ఇదే ఫోనులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కొట్టాడు. ద్వారపాలక్ దాన్ని భద్రంగా దాచుకుంది. ఒకే జిల్లా బడులు కాబట్టి మొదటి నాలుగంకెలూ నంద్యాల బడివే; మిగతా ఏడూ, గుడ్ల రోజు లాగే, మీట నొక్కే అరక్షణంలో అది మార్చేసింది.

ఇంట్లో ఏంజెల్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "పాములపాడా? అది యా పక్క?" అని మాత్రం అడిగింది. కీర్తన పెద్దగా ఆలోచించి, "మరి ఆదివారమన్నా వస్తావా నాయనా?" అంది.

యోబు అభ్యంతరాల విభాగానికి పోయాడు. అక్కడి అధికారి నియమావళి తీసి, వేలు పెట్టి చూపించాడు. కోరనిది వచ్చినవారు అభ్యంతరం చెప్పవచ్చు. కోరినదే వచ్చినవారు చెప్పే అభ్యంతరాన్ని కృతజ్ఞతగా పరిగణించి, ఫైలులో భద్రపరుస్తారు. యోబు కాగితం ఆ విధంగా భద్రపరచబడింది.

చేరిన రోజు రెండు బస్సులూ ఒక ఆటో దిగేసరికి తొమ్మిదిన్నర అయింది. గేటు దగ్గర పిల్లలు రెండు వరుసల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రధానోపాధ్యాయురాలు కృష్ణమ్మ మేడం శాలువాతో ఎదురొచ్చింది.

"సార్, ఇరవై రెండేండ్ల సర్వీసు నాది" అంది. "మాది బస్సు రాని ఊరు. ఈడికొచ్చినోళ్లంతా యాడా దొరక్క వచ్చినోళ్లే. నంద్యాల ఇడిసిపెట్టి, మా బడి ఒగదాన్నే ఆప్షన్ పెట్టుకొని వచ్చింది మీరొక్కరే. పిల్లోళ్లకు సోషల్ సారు లేక రెండేండ్లాయ. ఎందుకనిపించింది సార్ మీకు, మా బడే కావల్లని?"

యోబు నోరు తెరిచాడు. జరిగింది మొత్తం నాలుక చివరిదాకా వచ్చింది. ముందు వరుసలో ఒక పిల్ల, కీర్తన అంతే ఉంటుంది, చప్పట్లు కొట్టీ కొట్టీ చేతులు ఎర్రగా చేసుకొని ఆయన మొహం వైపే చూస్తోంది. తన గురించి తాను రెండేళ్లుగా అందరికీ చెప్పుకుంటున్న మనిషి కంటే, ఆ యాప్ పొరపాటున నింపిన మనిషే మెరుగ్గా ఉన్నాడని యోబుకు తోచింది.

"పిల్లోళ్లు గుర్తుకొచ్చిరి మేడం" అన్నాడు.

కృష్ణమ్మ కళ్లు తుడుచుకొని, ఆఫీసు గదిలోకి తీసుకుపోయి, చేరిక రిజిస్టరు తెరిచింది. 'వచ్చిన కారణం' అన్న గడిలో తానే గుండ్రని అక్షరాలతో 'స్వచ్ఛందంగా' అని నింపి, పుస్తకాన్ని ఆయన వైపు తిప్పింది.

యోబు గడిని రెండుసార్లు చదివి, సంతకం పెట్టాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఆయన చేత్తో చెప్పిన అబద్ధం అదొక్కటే. (గుడ్లు కాక.)