గుమ్మాలెక్కిన గడ్డలు

ఆ జనవరి ఆదివారం పొద్దున శోభారాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. సుబేదారిలో తను వృక్షశాస్త్రం చెప్పే కాలేజీకి వెళ్లి తోటలో గుంతలు తీయించాలి, మట్టెవాడలోని ఇంటికి తిరిగొచ్చి బస్తా తీసుకెళ్లాలి, నాటాలి. బస్తాలో ఉన్నవి నలభై అడవి ఉల్లిగడ్డలు. ధర్మసాగర్ దగ్గర రోడ్డు కోసం గుట్టను తవ్వేస్తుంటే, జేసీబీ డ్రైవర్‌కు దండం పెట్టి మరీ తెచ్చుకుంది. ఇప్పుడా గుట్ట లేదు. దాని పూలకు మిగిలిన ఆధారం ఈ బస్తా ఒక్కటే.

పదకొండింటికి తిరిగొచ్చేసరికి బస్తా ఖాళీ! ఒక్క గడ్డ మాత్రం గుమ్మానికి, ఎప్పుడూ కలబంద వేలాడే చోట, దారంతో వేలాడుతోంది.

"అత్తమ్మా! ఇదేంది?"

"కలబంద ఎండిపోయింది బిడ్డా. దిష్టికి మంచిగుంటదని ఇది కట్టిన," అంది యాకమ్మ. "కిరాణం రాజేశ్వరి చూసి తనకొకటి అడిగింది. కట్టిన పది నిమిషాలకే, వారం సంది సప్పుడు జేయని ఆమె ఫ్రిజ్ నడిసిందట. ఇగ గల్లీ గల్లంత వచ్చింది. లేదని ఎట్లంట?"

శోభారాణి ఇల్లిల్లూ తిరిగింది. గుమ్మానికి కట్టింది విప్పితే అరిష్టమని ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి రాజేశ్వరి దుకాణం ముందు ఆఖరి అస్త్రం తీసింది.

"అది విషం గడ్డ. పిల్లలు నోట్లె పెట్టుకుంటే దవాఖానే!"

"విషమా!" రాజేశ్వరి కళ్లు మెరిశాయి. "అయితే దిష్టి దగ్గరికే రాదు గదక్కా! జర పైకి కడ్తం, ఫికర్ జెయ్యకు."

సాయంత్రానికి ఆ మాట కూడా పాకి, పక్క వాడల వాళ్లొచ్చి బెల్లు కొట్టారు.

బతిమాలగా బతిమాలగా తొమ్మిది దక్కాయి. వాటిని కాలేజీ తోటలో నాటి తోటమాలి మొండయ్యకు అప్పగించింది. మొండయ్యది వెన్నలాంటి మనసు. నీళ్లు పోయొద్దని ఎంత చెప్పినా, పాపం వాటికి దూప అవుతుందని చాటుగా రెండు పూటలా పోశాడు. నెల తిరక్కుండా తొమ్మిదీ కుళ్లిపోయాయి. శోభారాణి ఆ రోజు అన్నం తినలేదు.

మార్చిలో ఒక పొద్దున రాజేశ్వరి పరుగున వచ్చింది. "అక్కా, గడ్డ పూసింది! మట్టి లేదు, నీళ్లు లేవు!"

వాకిట్లోకొచ్చి చూస్తే, గుమ్మం గుమ్మానికీ సన్నటి కాడలు, వాటి నిండా లేత గోధుమరంగు పూలు. పూసిందంటే దిష్టంతా దిగినట్టే, ఇక విప్పినా దోషం లేదని యాకమ్మ తీర్పిచ్చింది. సాయంత్రానికి ముప్పై ఒక్క గడ్డలూ పసుపు కుంకుమలతో సహా ఇల్లు చేరాయి.

శోభారాణి అత్త చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "నువ్వు కట్టకపోతే ఒక్కటి గూడ దక్కకపోతుండె అత్తమ్మా."

ప్రిన్సిపాల్‌కిచ్చిన నివేదికలో, సంరక్షణ విధానం అన్న చోట ఆమె ఉన్నదున్నట్టే రాసింది: గుమ్మానికి కట్టవలెను, నీళ్లకూ నిపుణులకూ అందనంత ఎత్తులో.