మందుకు ముందు

ఆ రోజుకి డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళి పరీక్షకు రక్తం ఇవ్వాలి. ఇచ్చిన వెంటనే చొక్కా జేబులో ఉన్న క్యాప్సూల్ వేసుకోవాలి. అటునుంచి అటే డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళి, ఆపరేషన్ తర్వాత మొట్టమొదటిసారిగా ఓ శిష్యుడి పక్కన కూర్చుని, "క్లచ్ మెల్లగా నాయనా, మెల్లగా" అనాలి. ఆ మాట అనక ఆయన నాలుక కొన్ని నెలలుగా దురద పెడుతోంది. ఆ సంగతి తెలిసే, స్కూలు ఓనరు ముందు రోజు సాయంత్రమే ఎల్ బోర్డు కారొకటి ఆయన ఇంటి ముందు పెట్టించాడు.

ఆపరేషన్ అంటే మామూలుది కాదు. మాస్టారి కిడ్నీలు రెండూ చేతులెత్తేస్తే, అక్కయ్య తనకున్న రెండింట్లో ఒకటి తీసి ఇచ్చింది. ఆడపిల్లల హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన ఆవిడ, ఒకసారి ఇచ్చేశాం కదా అని వస్తువు మీద హక్కు వదులుకునే మనిషి కాదు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "నా కిడ్నీ ఎలా ఉందిరా?" అని అడిగేది.

"బాగుందక్కా. నేను కూడా బాగానే ఉన్నాను."

"సరే సరే. మందు వేసుకున్నావా?"

"వేసుకున్నానక్కా."

టక్కున ఫోన్ పెట్టేసేది. బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లల జవాబు మొదటి మాట దగ్గరే పట్టేసి, మిగతాది వినకుండా మార్కులు వేసిన అలవాటు అది.

ఇక ఆ మందు సంగతి. మనిషి ఒంట్లో కాపలావాళ్ళుంటారు. అక్క ప్రేమతో ఇచ్చిందా, దారిన పోయేవాడిచ్చాడా అన్నది వాళ్ళకు పట్టదు. కొత్తది కనబడితే పరాయిదని తరిమెయ్యడమే వాళ్ళ ఉద్యోగం. వాళ్ళ చేత కాస్త కునుకు తీయించేదే ఆ క్యాప్సూల్. తక్కువైతే లేచి కర్రలు పట్టుకుంటారు. ఎక్కువైతే గుర్రుపెట్టి నిద్రపోతారు, అప్పుడు ఎవరింటి జలుబైనా దర్జాగా లోపలికొచ్చి కాళ్ళు చాపుకుంటుంది. అందుకని మందు వేళకు పడాలి, జనంలోకి వెళ్తే ముక్కూ నోరూ మూస్తూ మాస్కు ఉండాలి, ఒంట్లో మందు ఏపాటి నిలుస్తోందో అప్పుడప్పుడూ రక్తం తీసి చూడాలి. రక్తం తీసే రోజున మాత్రం, తీశాకే పొద్దుటి మందు. ఈ చివరి సంగతి మాస్టారికీ తెలుసు, ఆయన భార్యకూ తెలుసు. అక్కయ్యదాకా మాత్రం పోలేదు.

మాస్టారు కారు తాళం తిప్పబోతుండగా ఫోన్ మోగింది.

"మందు వేసుకున్నావా?"

"లేదక్కా, ఇవాళ..."

అక్కయ్యకు 'లేదు' చాలు. "లేదా! లేదని ఎంత నిదానంగా చెప్తున్నావురా! వెంటనే వేసుకో!" అని పెట్టేసింది. వేసుకున్నాడో లేదో అని వెంటనే మళ్ళీ చేసింది. అప్పటికే బండి కదిలింది. స్టీరింగ్ పట్టుకున్న చెయ్యి ఫోన్ పట్టుకోకూడదని వందలమందికి నేర్పిన మనిషి, తోడబుట్టింది పిలిచినా పలకలేదు. అక్కయ్య మరదలికి చేసింది. మరదలు తలకు షాంపూ పట్టించి ఉంది. మోత వినబడింది గానీ కళ్ళు తెరిచే వీల్లేదు.

ఇక తప్పదని అక్కయ్య డ్రైవింగ్ స్కూలుకు చేసింది. "మా తమ్ముడు మీ దగ్గరికే వస్తున్నాడు. పొద్దున్నుంచీ మందు వేసుకోలేదు. కనబడితే ఆపి, వేసుకునేదాకా వదలకండి!"

స్కూలు ఓనరుకు వెంటనే ఏమీ తోచలేదు. ఆయనకు తెలిసిన మందు సీసాల్లో దొరికేదే. పొద్దున్నే మందు వేసుకోలేదని బాధపడే తోబుట్టువును ఆయన ఎక్కడా చూసి ఉండలేదు.

ఈలోగా మరదలు తల తుడుచుకుంటూ వచ్చి, వరసగా ఉన్న మిస్డ్ కాల్స్ చూసి, సంగతి ఊహించేసింది. వదినకు చేస్తే లైను బిజీ. వదినగారు స్కూలుకు చెప్పకుండా ఉంటుందా అని తనూ అక్కడికే చేసింది. "అన్నయ్యగారూ, వదిన మాట వినకండి. ఆయన కనబడితే మందు మాత్రం వేసుకోనివ్వకండి. ఇప్పుడు వేసుకున్నారంటే అంతా తలకిందులైపోతుంది. ఆస్పత్రి వైపు వెళ్తున్నారు."

ఇప్పుడు ఓనరుకు అంతా అర్థమైపోయింది. అక్క తాగమంటోంది, పెళ్ళాం వద్దంటోంది, మనిషేమో స్కూలు పేరు రాసి ఉన్న కారులో రోడ్డు మీదున్నాడు! ఇన్నేళ్ళు మచ్చ లేకుండా బతికిన మాస్టారు, పాపం, జబ్బు చేసి ఇలా అయ్యాడన్న మాట. ఆయన కళ్ళు చెమర్చాయి. కళ్ళు తుడుచుకుని, పాఠానికి సిద్ధంగా ఉన్న రెండు కార్లనూ శిష్యులతో సహా బయలుదేరదీశాడు. ఒకదాంట్లో రివర్స్ ఇంకా నేర్చుకోని బ్యాంకు ఆఫీసరమ్మ. రెండోదాంట్లో రివర్స్ ఒక్కటే బాగా వచ్చిన కాలేజీ లెక్చరరు.

అటు మరదలికి చివరికి వదిన దొరికింది.

"వదినా, ఆయన ఆస్పత్రికి..."

"ఆస్పత్రికా!" అని ఫోన్ పెట్టేసింది అక్కయ్య. మందు తప్పాడు, ఆస్పత్రి పాలయ్యాడు! తమ్ముడి కోసం ఎప్పుడూ సంచిలో ఉంచుకునే క్యాప్సూల్ ఒకటి పిడికిట్లో పట్టుకుని, చెప్పులు కూడా ఒక జతవి కాకుండా తొడుక్కుని, దొరికిన టాక్సీ ఎక్కింది.

ఆస్పత్రికి ముందున్న కూడలిలో మాస్టారి బండికి బ్యాంకు ఆఫీసరమ్మ అడ్డంగా వచ్చి ఆగింది. ఆగడం ఆమె ఉద్దేశమే, ఇంజను ఆగిపోవడం మాత్రం కాదు. వెనకనుంచి లెక్చరరు తనకొచ్చిన విద్యతో వచ్చి రెండో దారి మూసేశాడు. నాలుగు వైపులా హారన్లు మొదలయ్యాయి. ఓనరు పరుగెత్తుకొచ్చి మాస్టారి కిటికీలో తల పెట్టాడు.

"మాస్టారూ, మీరంటే నాకు గౌరవం. ఒక్కసారి ఆ మాస్కు తీసి ఊదండి."

"జనంలో మాస్కు తీయకూడదండీ."

"తీయలేరని తెలుసు. మీ ఇంట్లోవాళ్ళే ఫోన్ చేశారు, మందు సంగతి మొత్తం చెప్పారు."

"మందా? ఇదుగో, జేబులో ఉంది."

ఓనరు సీసా లాక్కుందామని చెయ్యి చాపాడు. మాస్టారు జేబులోంచి తీసి చూపించింది మాత్రం రేకులో కూర్చున్న ఒక బుల్లి క్యాప్సూల్. ఓనరు దాన్ని చూశాడు, మాస్టారిని చూశాడు, హారన్లు కొడుతున్న లోకాన్ని చూశాడు. "ఈ మందా!" అని నెత్తి కొట్టుకుని, బ్యాంకు ఆఫీసరమ్మ కారును వెనకనుంచి తానే నెట్టడం మొదలుపెట్టాడు. మాస్టారు బండి దిగకుండా, కిటికీలోంచే అరిచాడు. "అమ్మా, కంగారొద్దు. క్లచ్ మెల్లగా, మెల్లగా!" బండి కదిలింది. ఆలస్యమైతే అయింది గానీ, ఆ రోజు పని సగం అక్కడే అయిపోయిందని ఆయనకు తృప్తి కలిగింది.

ల్యాబులో కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడుస్తుండగా అక్కయ్య ఊడిపడింది.

"నోరు తెరువు!"

మాస్టారు మాస్కు మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. నర్సు సూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"చిన్నప్పుడు ఆముదానికీ ఇంతే చేశావు. తెరువంటుంటే!"

"అక్కా, ఒక్క వాక్యం! ఒక్కటంటే ఒక్కటి, చివరిదాకా విను!" అని గట్టిగా అరిచాడు మాస్టారు. పుట్టి బుద్ధెరిగాక అక్కమీద గొంతు లేపడం అదే మొదటిసారి. ఆశ్చర్యంతో ఆమె ఆగింది.

"రాత్రి వేసుకున్న మందు ఇప్పటికి ఎంత మిగిలిందో చూస్తారు. ఇప్పుడే ఇంకోటి మింగితే లెక్క ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి డాక్టరు మందు తగ్గిస్తే, నువ్విచ్చినదాన్ని నా ఒళ్ళే బయటికి నెట్టేస్తుంది. అందుకని ముందు రక్తం, తర్వాత మందు."

అక్కయ్య మెల్లగా పక్క కుర్చీలో కూర్చుంది. "ఆ మాట ముందే చెప్పచ్చు కదరా," అంది చిన్న గొంతుతో. మాస్టారు చెయ్యి చాపాడు. నర్సు రక్తం తీసుకుంది. ఆయన బయట వరండాలో మనుషుల్లేని మూలకు వెళ్ళి, జేబులో క్యాప్సూల్ మింగి, నీళ్ళు తాగి వచ్చాడు.

"ఆలస్యమైంది కదా, ఇది కూడా వేసుకో," అని అక్కయ్య పిడికిలి విప్పింది.

"ఆలస్యానికి రెండు మింగకూడదక్కా. ఒకటంటే ఒకటే."

సరేనని ఆమె లేవబోయింది. కాళ్ళు సహకరించలేదు. మళ్ళీ కుర్చీలోనే పడింది. నర్సు ఆమె చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

"బీపీ మాత్ర వేసుకున్నారా, అమ్మా?" అంది డాక్టరమ్మ.

హెడ్మిస్ట్రెస్ జీవితంలో మొదటిసారి తల దించుకుంది. "లేదు, ఈమధ్య..."

అక్కడిదాకా విని మాస్టారికి మిగతాది వినబుద్ధి కాలేదు. కానీ ఓపిక పట్టాడు. "ఈమధ్య?"

"మానేశాను. నాకు బీపీ ఉందంటే వీడి బెంగవల్లే కదా. వీడు బాగుపడ్డాక ఇంక మాత్రలెందుకులే అనుకున్నాను."

మాస్టారికి కోపం వచ్చింది. తిడదామనే నోరు తెరిచాడు. "నాకిచ్చింది పోను నీ దగ్గర ఉన్నది ఒక్కటే అక్కా. బీపీ దాన్ని కూడా తినేస్తే, నీకు ఇవ్వడానికి నా దగ్గర నీదే తప్ప ఇంకోటి లేదు," అన్నాడు. తిట్టుగా మొదలైన మాట చివరికొచ్చేసరికి తడిసిపోయింది. అక్కయ్య అంతా విన్నది. చివరిదాకా విన్నది. తర్వాత ఆయన చేతిమీద దూది అంటించిన చోట వేలితో అద్దిపట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ మాత్ర ఇచ్చి, కాసేపు పడుకోబెట్టి, బీపీ కాస్త దిగాక, మానకుండా వేసుకుంటానని మాట తీసుకుని పంపించింది. స్కూలుకు వెళ్ళే పని మానేసి మాస్టారు అక్కయ్యను ఇంట్లో దింపడానికి బయలుదేరాడు. ఆమె పక్క సీట్లో, అంటే శిష్యులకు పాఠం చెప్పేటప్పుడు మాస్టారు కూర్చునే సీట్లో కూర్చుంది. డ్రైవింగ్ స్కూలు కార్లలో ఆ సీటు ముందు, కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అక్కయ్యకు ఆ సంగతి తెలియదు. కాళ్ళు ఆనించుకోవడానికి అక్కడేదో బాగుందనుకుంది. ఎదురుగా బస్సు వస్తే కాలు బిగించింది, సైకిలు వస్తే బిగించింది, దూరంగా పిల్లి కనబడితే కూడా బిగించింది. బండి అడుగడుగునా తూలుతూ, ఆగుతూ, నత్తకు దారిచ్చేలా నడిచింది.

"ఏమిట్రా ఈ నడపడం! ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని మర్చిపోయావా?"

"అవునక్కా, కొంచెం మర్చిపోయాను."

ఆమె కాలి కింద ఉన్నదేమిటో చెప్పడం ఇల్లు చేరేదాకా ఆయనకు గుర్తు రాలేదు.