నీలి గుర్రం మెట్లెక్కింది

ఆ ఉదయం ఆ కుట్టు షెడ్డులో అందరూ అనుకున్నది ఒకటే: భోజనాల వేళ యజమానిని కిటికీ తెరవమని అడగాలి. బట్టను దొంగలు ఎత్తుకుపోతారని మేడమెట్ల చివరనున్న కిటికీకి ఆయన మేకులు కొట్టించాడు. బట్ట భద్రంగానే ఉంది, మనుషులే పోయేలా ఉన్నారు. గుండీలు కుట్టే అక్క నిన్ననే కళ్లు తిరిగి పడి లేచింది. గాలి కూడా అడుక్కోవాల్సిన ఖర్మ!

అడిగే పని బట్ట కత్తిరించే బాబాయి నెత్తిన పడింది. పెద్దవాళ్ల ముందు ఆయనకు నోరు పెగలదు. ధైర్యం రావాలంటే పాత ఇంగ్లీషు రాక్ పాట వినాలి. ఫోన్‌లో పెట్టాడు. గిటార్లు కుయ్యోమొర్రోమన్నాయి.

"ఏమంటున్నాడు బాబాయ్?" అంది గుండీలక్క.

"నీలి గుర్రం మెట్లెక్కింది. సముద్రం తాళంచెవి మింగేసింది. అమ్మా, నా నీడ ఉడికిపోయింది."

"అంటే?"

"అంటే... అదే!"

తలుపు వెనక నుంచి యజమాని అల్లుడు విన్నాడు. షెడ్డుకు ఆయనే మేనేజరు. ఏ పాట విన్నా లోపల ఇంకేదో ఉందనుకునే జబ్బు ఆయనకు కాలేజీలో పట్టుకుంది, డిగ్రీ వచ్చినా అది వదల్లేదు. పరుగున వెళ్లి మేడ మీది ఆఫీసులో పడ్డాడు.

"మామయ్యా, కొంప మునిగింది! మనవాళ్ల ఏప్రన్లు ఏ రంగు?"

"నీలం. నేనే చవగ్గా కొన్నాను."

"అదే నీలి గుర్రం! మెట్లెక్కి వస్తారట. తాళంచెవి మింగడమంటే మనల్ని లోపల పెట్టి తాళమేయడం!"

"మరి ఆ ఉడికిన నీడ?"

అల్లుడు మామగారి నీడకేసి జాలిగా చూశాడు. "పెద్దవారు. నా నోటితో ఎలా చెప్పను?"

యజమాని వెంటనే వడ్రంగిని పిలిపించాడు. షెడ్డులో ఒక్క తాళం మిగలకూడదు. పారిపోవడానికి ఆ కిటికీ మేకులూ పీకెయ్యాలి.

కింద గుండీలక్క చూసింది. "ఓరి నాయనో! అయ్యగారు తాళాలు ఊడదీయిస్తున్నాడు. షెడ్డు అమ్మేశాడర్రా!"

మిషన్లు ఆగిపోయాయి. కడుపు మండినవాళ్లు వరస కడతారా? అందరూ ఒక్కసారిగా మెట్ల మీద పడ్డారు. పైనుంచి చూస్తే నీలం, నీలం, అంతా నీలమే.

"గుర్రం!" అని కేక పెట్టి యజమాని, వడ్రంగి అప్పుడే మేకులు పీకిన కిటికీలోకి దూకాడు. ఒక కాలు బయట, ఒక కాలు లోపల, మధ్యలో పొట్ట ఇరుక్కుంది.

"ఏం కావాలి మీకు? చెప్పండి, చంపకండి!"

బాబాయిని ముందుకు తోశారు. పొద్దున్నుంచీ బట్టీ పట్టింది ఒకటే మాట. "అయ్యా, కిటికీ..." అని ఆగిపోయాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది. యజమాని దాని మీదే కూర్చున్నాడు. చల్లగాలి అందరి మొహాలకీ కొడుతోంది.

బాబాయి బిక్కమొహం చూసి గుండీలక్క అందుకుంది. "ఫ్యాన్లు! ప్రతి మిషను మీదా ఒకటి!"

"పెట్టిస్తా!"

"మళ్లీ మేకులు కొట్టకూడదు!"

"కొట్టను, గుర్రం మీద ఒట్టు! ముందు నన్ను లాగండమ్మా!"

సాయంత్రం అల్లుడు బాబాయి బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. ఆ పాటకి అసలు అర్థమేంటి?"

"పాడినవాడికే తెలిసి ఉండదు సార్."

వచ్చే వారం మరుగుదొడ్డికి తలుపు అడగాలి, దానికి తగ్గ పాట కోసం షెడ్డంతా వెతుకుతోంది.