శంకుస్థాపన రాళ్ల చర్చి

"పల్నాడు గర్వించే విధంగా, ప్రపంచ స్థాయి ప్రమాణాలతో, సకల హంగులతో ప్రార్థనా మందిరం నిర్మిస్తాం" అని అధికార పార్టీ మండల అధ్యక్షులు రామబ్రహ్మం గారు కారంపూడిలో ప్రకటించినప్పుడు, ఆయన పక్కనే నిలబడి రాసుకున్నవాణ్ణి నేను. ఒక దినపత్రికకు మండల విలేకరిని. జీతం ఉండదు, గుర్తింపు కార్డు ఉంటుంది. అందుకని పెద్దవాళ్లు చేసే మంచి పనులు చూసి సంతోషించడానికి నాకు కావలసినంత తీరిక.

ఆ మందిరం యేసుపాదానిది. యేసుపాదం మామూలు రోజుల్లో తాపీ మేస్త్రీ, ఆదివారం పాస్టరు. ఊరి చివర కాలనీలో మార్తమ్మ అనే ముసలామె తన పెరడులో రెండు సెంట్లు చర్చికి రాసిచ్చింది. ఆ స్థలం, యేసుపాదం చేతిలో తాపీ, వాయిదాల మీద కొన్న మైకు. మందిరం ఆస్తి ఇంతే. గోడలు లేకుండా మైకెందుకు కొన్నారని అడక్కండి. మా వైపు ఏ దేవుడి పనికైనా ముందు వచ్చేది మైకే.

అంతకుముందు వచ్చిన ఈస్టరుకు ఎండలో మోకాళ్ల మీద ప్రార్థన చేస్తూ మార్తమ్మ పక్కకు ఒరిగిపోయింది. మొహాన నీళ్లు చల్లి లేపారు. పాస్టరు గారి భార్య రత్నకుమారి ఆమె తల ఒళ్లో పెట్టుకుని, "వచ్చే ఈస్టరుకి నిన్ను నీడన కూర్చోబెడతా అవ్వా" అని మాట ఇచ్చింది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆ నిమిషాన ఆమెకు తట్టలేదు. చేతిలో మిరపకాయల కోత కూలి తప్ప మరేమీ లేని మనిషి. ఏడాది తిరిగి రాబోతుండగా రామబ్రహ్మం గారి ఆఫీసుకు వచ్చింది. టీ వచ్చే వేళ కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను.

"అయ్యా, పైన రేకులు ఇప్పిస్తే చాలు. గోడలు మట్టితోనన్నా మేమే లేపుకుంటాం" అంది.

"రేకులేందమ్మా? స్లాబు వేయిద్దాం. ఏసీలు పెట్టిద్దాం."

"రేకులు చాలయ్యా."

"నీ విజన్ చిన్నదమ్మా" అన్నారు ఆయన జాలిగా. "ముందు శంకుస్థాపన చేద్దాం. మిగతాయి వాటంతటవే వస్తయి."

శంకుస్థాపన ఘనంగా జరిగింది. నల్ల గ్రానైటు ఫలకం, బంగారు రంగు అక్షరాలు, పైన పట్టు గుడ్డ. ఆ ఫలకం ఖరీదుతో మందిరం మొత్తానికీ రేకులు వచ్చేవని పక్కనున్న ఆటో అబ్బాయి నా చెవిలో అన్నాడు. అభివృద్ధి అంటే ఏమిటో తెలియని మనుషులు అన్ని చోట్లా ఉంటారు.

ఆ రోజే చిన్న ఇబ్బంది వచ్చింది. ఫలకం మీద ఎంపీపీ గారి పేరు రామబ్రహ్మం గారి బావమరిది పేరు కింద పడింది. ప్రోటోకాల్ దెబ్బతిన్నదని ఎంపీపీ వర్గం రోడ్డు మీద బైఠాయించింది. రాయి మార్చారు. కొత్త దాంట్లో సర్పంచి గారి ఇంటిపేరు పొట్టిదైపోయింది. మళ్లీ మార్చారు. పాత రాళ్లు యేసుపాదం దగ్గరే ఉండిపోయాయి. నాయకుడి పేరున్న రాయిని పగలగొట్టకూడదు, పారేయకూడదు, దాని మీద బట్టలు ఉతుక్కోకూడదు. ఎవరూ చెప్పకపోయినా మా మండలంలో అందరూ పాటించే ఆచారం ఇది.

యేసుపాదం పాస్టరే గానీ మేస్త్రీ కూడా కదా. మంచి రాయి ఖాళీగా పడుంటే అతనికి నిద్ర పట్టదు. తువ్వాలు చేతిలో పట్టుకుని రామబ్రహ్మం గారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ఈ రాళ్లు గోడలో పెట్టుకుంటే తప్పా?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. "పేరు కనపడాలి" అన్నారు.

"కనపడుద్దయ్యా."

"తలకిందులు కాకూడదు."

"నేను చదువుకున్నోణ్ణేనయ్యా."

రామబ్రహ్మం గారి మొహంలో ఎన్నడూ చూడని మెత్తదనం వచ్చింది. "ఒరేయ్ యేసుపాదం, నా పేరున్న రాళ్లు మండలమంతా ఎండకి ఎండి వానకి తడుస్తున్నయి. బస్ షెల్టర్ రాయి మీద మేకలు ఎక్కుతున్నయి. డిగ్రీ కాలేజీ రాయి కంపచెట్లలో మునిగిపోయింది. అన్నిట్నీ తోలుకొచ్చి ఒక్కచోట పెట్టు. నాకూ మనశ్శాంతి" అన్నారు.

ట్రాక్టరు కూడా ఆయనే పంపారు. డిగ్రీ కాలేజీ, బస్ షెల్టర్, మంచినీళ్ల ట్యాంకు, ముప్పై పడకల ఆసుపత్రి, కోల్డ్ స్టోరేజీ, పశువుల దవాఖానా ఒకదాని వెనక ఒకటి కాలనీకి చేరాయి. రాయి తర్వాత ఎక్కడా పని జరగలేదు కాబట్టి రాళ్లు ఎక్కడా సున్నం మరక లేకుండా కొత్తగా ఉన్నాయి. వెనక గోడ నడుముదాకా లేచింది. 'ఒకే చోటికి చేరిన అభివృద్ధి' అని నేను వార్త రాశాను. రామబ్రహ్మం గారు ఫోన్ చేసి మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ప్రతిపక్ష నాయకుడు గోపీచంద్ గారు మందిరం దగ్గర కారు దిగారు. మనిషి ఆవేశంగా ఉన్నారు.

"ఏందయ్యా ఇది? మా ప్రభుత్వం ఉన్నప్పుడు అదే డిగ్రీ కాలేజీకి వాళ్లకన్నా ముందు మేం రాయి వేశాం. అదే ట్యాంకుకి వేశాం. దేవుడి దగ్గర కూడా మాకు అన్యాయమేనా?"

"మీ రాళ్లు కూడా పంపండి సార్. కాదన్న పాపాన పోను" అన్నాడు యేసుపాదం.

సాయంత్రానికి ఇంకో ట్రాక్టరు వచ్చింది. ఎవరి రాళ్లు పైన ఉండాలని రెండు వర్గాలూ గొడ్డళ్లదాకా రాబోయాయి. యేసుపాదం మధ్యలో నిలబడి తాపీ పైకెత్తాడు.

"ఒక వరస ఆళ్లది, ఒక వరస మీది. ఒకదాన్నొకటి పట్టుకుంటేనే గోడ నిలబడేది. ఇది రాజకీయం గాదయ్యా, తాపీ పని."

"సరే గానీ, రెండు పార్టీలు పట్టుకున్నయ్యని ఈ మాట బయట అనబాకు" అన్నారు గోపీచంద్ గారు.

అలా నాలుగు గోడలూ లేచాయి. లోపలా బయటా పేర్లే. తూర్పు గోడకు మధ్యలో కొంచెం జాగా మిగిలితే యేసుపాదం సున్నంతో సిలువ గీశాడు. ఆదివారం రత్నకుమారి అందర్నీ సర్దేది. "పిల్లల్ని డిగ్రీ కాలేజీ దగ్గర కూర్చోబెట్టండి. ముసలోళ్లంతా ఆసుపత్రి వైపు పొండి. ఏమే, ట్యాంకు కాడ చెప్పులు విడవబాకు." కారంపూడి మండలంలో ఇన్ని సౌకర్యాలు వాడుకుంటున్న ప్రజలు వాళ్లే.

పైన మాత్రం ఆకాశం అలాగే ఉంది. స్లాబు సంగతి అడిగితే, ఎస్టిమేషన్‌లో ఉందన్నారు రామబ్రహ్మం గారు. ఈస్టరు వారంలోకి వచ్చేసింది. మార్తమ్మ రోజూ గోడ నీడ ఎక్కడిదాకా వస్తుందో చూసి వెళ్తోంది. రత్నకుమారి ఆమెకు ఎదురుపడకుండా తిరగడం నేను గమనించాను. నాకు బాధ అనిపించింది. కానీ ఆ వారం ఎన్నికల షెడ్యూలు వచ్చి కోడ్ పడింది. విలేకరికి బాధపడే టైము లేకుండా పోయింది.

కోడ్ అమలుకు డిప్యూటీ తహసీల్దార్ వెంకటేష్ గారు వచ్చారు. అంత నిక్కచ్చి అధికారిని నేను చూడలేదు. విగ్రహాలకు ముసుగులు వేయించారు. టీ కొట్టులో నాయకుడి బొమ్మ ఉన్న క్యాలెండరు గోడవైపు తిప్పించారు. తన పెళ్లి శుభలేఖ మీద ఎమ్మెల్యే పేరుందని దాన్ని కూడా బీరువాలో పెట్టి తాళం వేశారట. ఆయన తెల్లగుడ్డ తానులతో మందిరం ముందు దిగి చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు.

"ఇది గోడా, ఫలకమా?"

"రెండూ సార్" అన్నాడు యేసుపాదం.

"గోడైతే నాకు సంబంధం లేదు. ఫలకమైతే మూసెయ్యాలి."

బయట చుట్టూ గుడ్డ చుట్టారు. మందిరం కట్టు కట్టిన మోచేయిలాగా తయారైంది. తర్వాత గుడ్డ తానుతో లోపలికి వెళ్తుంటే రత్నకుమారి గుమ్మంలో నిలబడింది.

"లోపల కడితే సిలువ మూసుకుపోద్ది సార్. మా దేవుడు ఏ పార్టీలో ఉన్నాడని మూస్తన్నారు?"

వెంకటేష్ గారు ఆగిపోయారు. ఆమె వీడియో తీస్తోందేమోనని చేతుల వైపు చూశారు. ఖాళీ చేతులే.

"సరేమ్మా. లోపల బయటివాళ్లకి కనపడదు కదా, వదిలేద్దాం" అన్నారు.

"అదే సార్ నాకూ భయం" అంది రత్నకుమారి మెల్లగా. "మార్కెట్ యార్డు కాడ హెలికాప్టర్లు దిగుతాయంట గదా. అబ్జర్వర్ గారు డ్రోను కూడా తెప్పిచ్చారంట. పైనుంచి చూస్తే ఈ పేర్లన్నీ చానా బాగా కనపడతయి. మీకు మాట వచ్చుద్దేమోనని."

వెంకటేష్ గారు తల పైకెత్తారు. నేనూ ఎత్తాను. ఆకాశం శుభ్రంగా, ఏ అడ్డూ లేకుండా ఉంది. ఆయన తన మనుషుల వైపు తిరిగారు.

"పైన కూడా గుడ్డ కట్టండ్రా" అన్నారు.

కట్టారు. మధ్యాహ్నం గాలికి లేచిపోయి కరెంటు తీగల మీద పడింది. మళ్లీ కట్టారు. మళ్లీ లేచిపోయింది. అప్పుడు వెంకటేష్ గారు ఒక సాహసోపేతమైన నిర్ణయం తీసుకున్నారు. పోలింగ్ కేంద్రాల దగ్గర ఓటర్లకు నీడ కోసం వచ్చిన రేకులు ఎంపీడీవో ఆఫీసు వెనక ఉన్నాయి. వాటిని, గొట్టాలతో సహా, కోడ్ అమలు నిమిత్తం మందిరానికి తరలించారు. బిగించింది యేసుపాదమే. శనివారం పొద్దుగూకేసరికి ఒక్క అక్షరం కూడా ఆకాశానికి కనిపించలేదు. తర్వాత పోలింగ్ రోజున ఓటర్లు ఎండలో నిలబడ్డారు. వాళ్ల ప్రజాస్వామ్య స్ఫూర్తిని నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాశాను.

ఈస్టరు నాడు మార్తమ్మ తెల్లచీర కట్టుకొచ్చి ఆసుపత్రి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆరాధన ముగిసేదాకా కూర్చునే ఉంది. ఒకసారి చెయ్యి చాపి తన మీద పడ్డ నీడను తడిమి చూసుకుంది.  ఆ సంగతి మాత్రం నేను పేపర్లో రాయలేదు.

ఫలితాలు వచ్చాయి. గోపీచంద్ గారి పార్టీ గెలిచింది. కోడ్ ఎత్తేశారు. కప్పినవన్నీ తెరవాలి, ప్రభుత్వ సామాను తిరిగి అప్పగించాలి అని ఉత్తర్వు వచ్చింది. వెంకటేష్ గారు నిచ్చెనలు, మనుషులతో జూన్ ఎండలో మళ్లీ దిగారు. లోపల కూర్చున్న మార్తమ్మ వాళ్లను చూసి గోడకు ఇంకా గట్టిగా ఆనుకుంది. లేవమన్నా లేవలేదు.

రత్నకుమారి నిచ్చెన దగ్గరికొచ్చి నిలబడింది. "తియ్యండి సార్. మీ డ్యూటీ గదా. కాకపోతే ముందు ఎవురి పేరు మీద తీస్తారు?"

"అంటే?"

"ఫలకం మీద గుడ్డ తీస్తే ఆవిష్కరణ అంటారు గదా. గెలిచినోళ్లది ముందు తీస్తే పాతోళ్లు ఊరుకోరు. వరసలో ఉన్నట్టు తీస్తే పాతోళ్లది ముందు వచ్చుద్ది. కొత్తోళ్లు మిమ్మల్ని వదలరు. నాకు తెలవక అడుగుతన్నా."

వెంకటేష్ గారు ఎక్కిన నిచ్చెన మీది నుంచి నిదానంగా దిగారు. ఆవిష్కరణ క్రమంపై స్పష్టత కోరుతూ అక్కడికక్కడే నరసరావుపేట కలెక్టరేటుకు ఫైలు పంపారు. స్పష్టత వచ్చే వరకు యథాతథ స్థితి కొనసాగించాలని జవాబు వచ్చింది. అయితే రేకులు మాత్రం ప్రభుత్వ ఆస్తి కాబట్టి ఎప్పుడైనా పట్టుకుపోవచ్చని చివర్లో ఒక ముక్క తగిలించారు. ఆ ముక్క తెలిసినప్పటి నుంచి కాలనీలో ట్రాక్టరు చప్పుడైతే చాలు, మార్తమ్మ వచ్చి మందిరంలో కూర్చునేది.

ఈలోగా గోపీచంద్ గారు మందిరానికి వరం ప్రకటించారు. వెనకటి ప్రభుత్వం నిర్లక్ష్యం చేసిన పైకప్పును ప్రపంచ స్థాయిలో తాను నిర్మిస్తానన్నారు. శంకుస్థాపనకు కాన్వాయ్‌తో వచ్చారు. ఎండ మండిపోతోంది. బయట నిలబడలేక, కార్యక్రమం లోపల పెట్టమన్నారు. రేకుల కింద ఫ్యాన్లు పెట్టారు, కుర్చీలు వేశారు.

"ఈ ప్రజలు ఇన్నాళ్లు పైన కప్పు లేక ఎండలో ఎట్టా మాడిపోయారో తలుచుకుంటే నాకు కళ్లెంట నీళ్లొస్తున్నయి" అన్నారు గోపీచంద్ గారు, చల్లటి మజ్జిగ తాగుతూ. వెంకటేష్ గారు ఫలకం చదివి వినిపించారు. పైకప్పు నిర్మాణానికి శంకుస్థాపన అని స్పష్టంగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కార్లు వెళ్లిపోయాక మార్తమ్మ రత్నకుమారి కొంగు పట్టుకుంది.

"ఏందమ్మే, కొత్తది కడతారంట గదా. ఈ కప్పు తీసుకుపోతారా?"

"తీసుకుపోలేరు అవ్వా. ఇక్కడ కప్పు లేదని రాయి మీద రాసిపోయారు గదా. లేనిదాన్ని ఎట్టా తీస్తారు?"

యేసుపాదం కొత్త రాయి పొడవు కొలుచుకుని, ప్రహరీ గోడకు ముగ్గు పోయడం మొదలుపెట్టాడు.