రోసిలి ఇంటి పాల కవర్లు

ఆ ఉదయం రోసిలి చేయదలచుకున్న పనులు రెండే. పాల కవరు కడిగి తీగకు ఆరేయడం, పంచాయతీ పచ్చకోటు ఆడవాళ్ళు వచ్చే వేళకు వేడివేడిగా పళంపొరి, అంటే అరటిపండు బజ్జీలు, వేయించి పెట్టడం. బాగా ముగ్గిన నేంద్రపు అరటిపండ్లు ముందురోజే తెచ్చి పెట్టుకుంది. ఆ ఇద్దరూ నెలకొకసారి వచ్చి, ఇంటింటా కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ తీసుకుని వెళ్తారు. రోసిలి ఇంటికి వచ్చినప్పుడు మాత్రం వరండాలో కూర్చుని చాయ తాగుతారు. ఆ కాసేపటి కోసం ఆమె నెలంతా మాటలు దాచి పెట్టుకునేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగమున్నంత కాలం ఊరందరినీ ఊరందరితో కలిపిన మనిషి, అందరూ చేచ్చీ, అంటే అక్కా, అని పిలిచే మనిషి. ఇప్పుడు ఆమె గేటు గొళ్ళెం తీసేవాళ్ళు ఆ ఇద్దరే.

అక్క ఉన్నప్పుడు ఇలా లేదు. పెళ్ళి చేసుకోని అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళు. అక్క మందుల అట్టలకీ, ఆమె దొంగచాటుగా తినే మిక్స్చర్ పొట్లాలకీ సంచి ఇట్టే నిండేది. రెండు వానాకాలాల కిందట అక్క పోయింది. ఆమెతో పాటే ఇంట్లో సగానికి పైగా చెత్త పోయింది.

పచ్చకోటు ఇద్దరూ వచ్చారు. వాళ్ళలో షీబ సంచిని తూకం కొక్కేనికి తగిలించి ముల్లు వంక చూసింది. కదల్లేదు. వేలితో తట్టింది. అప్పుడూ కదల్లేదు.

"చేచ్చీ, అసలు మీరు తింటున్నారా, ప్రార్థనతోనే కడుపు నింపుకుంటున్నారా?"

"ఒక్కదాన్ని, ఎంత తింటానే?"

"అదే చెప్పబోతున్నా. వచ్చే నెల నుంచి కొత్త పద్ధతి. ఇంత తక్కువ చెత్త ఉండే ఇళ్ళకి ఓనం ముందొకసారి, క్రిస్మస్ ముందొకసారి వస్తే చాలంట. మీకు కడిగే పని లేదు, మాకు ఎక్కే మెట్లు లేవు."

ఇది మంచి కబురన్నట్టు షీబ నవ్వింది. పక్కనే లతిక రెండో పళంపొరి అందుకుంటూ, "పర్యావరణానికి మీలాంటి వాళ్ళే కావాలి చేచ్చీ" అంది.

పర్యావరణానికి తాను కావలసి వచ్చినందుకు రోసిలికి ఏమీ సంతోషం కలగలేదు.

"ఎంతుంటే నెలనెలా వస్తారే?"

"సంచి నిండితే వస్తాం."

మర్నాటి నుంచి రోసిలి పాలవాడికి రెండు ప్యాకెట్లు వేయమంది. పాయసం చేసింది, పెరుగు తోడు పెట్టింది, మిగిలిన మజ్జిగతో పుళిశ్శేరి కాచింది. వారం తిరిగేసరికి పొట్ట నిండింది గానీ సంచి నిండలేదు. అప్పుడు ఆమెకు బస్‌స్టాపు దగ్గరున్న బాహులేయన్ చాయ కొట్టు గుర్తొచ్చింది. కొట్టు వెనక పాల కవర్ల గుట్ట ఉంటుంది. సాయంత్రమైతే వాటిని తగలబెడతాడు, ఆ కంపుకి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఏ బస్సొస్తే ఆ బస్సెక్కేస్తారు.

"బాహులేయా, ఆ కవర్లు నాకివ్వు."

"ఏం చేసుకుంటారు చేచ్చీ?"

"మిరప నారు పోస్తాను."

"ఇన్నిట్లోనా? ఊరు ఊరంతా మంటెత్తిపోతుంది."

అన్నాడే గానీ, కాల్చే పని తప్పిందని రోజూ ఒక గోతం నింపి ఇచ్చేవాడు. అసలే జూన్ నెల, ముసురు. ఆకాశం తెరిపినివ్వడం లేదు. కడిగిన కవర్లు బయట ఆరే దారి లేక, రోసిలి అక్క గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి వరసగా తాళ్ళు కట్టి, కవర్లన్నీ తగిలించి, ఫ్యాను వేసింది. పట్టనివి కొన్ని వసారా చూరు కింద వేలాడదీసింది.

మా వీధిలో ఒక ఇంటి సంగతి తెలియాలంటే ఇంట్లోవాళ్ళని అడగనక్కర్లేదు. తీగ మీద పాల కవర్లు చూస్తే చాలు. కవర్లు పెరిగితే చుట్టాలొచ్చారు. తగ్గితే కోడలు అలిగి పుట్టింటికి వెళ్ళింది. పాల కవర్ల పక్కన పెరుగు కవర్లు కూడా కనిపిస్తే ఇంట్లో ఎవరికో కడుపులో బాగా లేదు. ఈ విద్యలో అందరికంటే ఆరితేరినావిడ పక్కింటి పెద్దావిడ త్రేసియ చేడత్తి. పొద్దున్నే గోడ మీదుగా చూసి, కవర్లను కళ్ళతోనే లెక్కపెట్టింది.

"రోసిలీ! ఇంట్లో ఎవరు దిగారే?"

మనుషులు తన గడప తొక్కడం కోసం చెత్త పోగేస్తున్నానని చెప్పడానికి రోసిలికి నోరు రాలేదు.

"చుట్టాలు చేడత్తీ."

"ఎక్కడి వాళ్ళు?"

"ఇడుక్కి కొండల నుంచి."

"బయటికి రారేం?"

"వాన కదా."

"ఇడుక్కి వాళ్ళకి వాన కొత్తా?"

రోసిలి పొయ్యి మీద ఏదో పొంగుతోందని లోపలికి పరుగెత్తింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మధ్యాహ్నానికి చేపల కబీర్ బండి గేటు ముందు హారను కొట్టింది. "చుట్టాలంట కదా చేచ్చీ! మంచి మత్తి చేపలు దాచి తెచ్చా" అంటూ అడగకుండానే పెద్ద పొట్లం కట్టాడు. కాదనడానికి వీల్లేదు. చుట్టాలున్న ఇల్లాయె. రోసిలి ఆ పూట మత్తి వేపుడు, రాత్రికి మత్తి పులుసు, మర్నాడు ఉడికించిన కర్రపెండలంతో మత్తి తింది. వీధి పిల్లి కూడా మూడో రోజు మొహం తిప్పుకుంది.

దీపాలు పెట్టే వేళ త్రేసియ చేడత్తి తన కిటికీ లోంచి చూసింది. రోసిలి అక్క గదిలో లైటు వెలుగుతోంది. కర్టెను మీద వరసగా నీడలు, ఒకదాని పక్కన ఒకటి, తలలాడిస్తూ ఊగుతున్నాయి. చేడత్తి గుండెల మీద శిలువ గీసుకుంది. మర్నాడు పూజ అవగానే చర్చి వరండాలో ఆవిడ మాట ఒక్కటే: "అది కొత్త ప్రార్థన కూటం. ఇంత గదిలో అంతమంది నిలబడి ఊగుతున్నారు. పాట లేదు, మాట లేదు. మూగ ప్రార్థన!"

వార్డు మెంబరు సుగతన్ లోకం చూసిన మనిషి కాబట్టి ఆ మాట నమ్మలేదు. ఒంటరి ఆడవాళ్ళు పంచాయతీకి చెప్పకుండా పై రాష్ట్రాల పనివాళ్ళకి గదులు అద్దెకిస్తున్నారని ఆయన నమ్మకం. ఫోను చేశాడు.

"రోసిలి చేచ్చీ, ఇంట్లో ఎంతమంది ఉన్నారు?"

"చుట్టాలు మెంబరూ."

"బెంగాల్ చుట్టాలా, అస్సాం చుట్టాలా?"

"ఇడుక్కి చుట్టాలు!"

"ఇడుక్కి వాళ్ళు మూగవాళ్ళెప్పుడయ్యారు చేచ్చీ? ఒక్క గొంతూ వినపడదంటున్నారు వీధిలో."

ఆ మాటకు రోసిలి భయపడి, ఆ సాయంత్రం అక్క గది గుమ్మంలో నిలబడి, వీధికి వినపడేలా గట్టిగా అడిగింది: "భోజనాలయ్యాయా? ఇంకాస్త పులుసు వెయ్యనా?"

కవర్లు ఫ్యానుగాలికి టపటపలాడాయి. ఆమె అలాగే నిలబడింది. కొంతసేపటికి, తాను జవాబు కోసం చూస్తున్నానని ఆమెకు అర్థమైంది. లైటు తీసేసి వచ్చేసింది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ నెల ఆమె గేటు దగ్గర ఆగినంతమంది, అక్క పోయాక ఎప్పుడూ ఆగలేదు.

చెత్త రోజు రానే వచ్చింది. రోసిలి మామూలుకు రెండింతలు పళంపొరి వేయించింది. షీబ, లతిక గేటు తీసి, వరండాలో గోడవారగా బిర్రుగా నిండిన గోతాల వరస చూసి మెట్ల మీదే ఆగిపోయారు.

"చేచ్చీ, ఇది ఇల్లా, పాల ఫ్యాక్టరీనా?"

"సంచి నిండితే వస్తామన్నారుగా" అంది రోసిలి చాయ గ్లాసులు పెడుతూ.

వాళ్ళింకా కూర్చోనే లేదు, సుగతన్ ఆరోగ్య కార్యకర్తని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకే, గొడుగేసుకుని, గుప్పెడు ఉప్పు అడిగే మిషతో త్రేసియ చేడత్తి.

"చుట్టాల్ని ఒకసారి పిలవండి చేచ్చీ, పేర్లు రాసుకుంటాం."

"నిద్రపోతున్నారు."

"ఇంత పొద్దెక్కాకా?"

"నిన్న బాగా ఊగారుగా, అలిసిపోయి ఉంటారు" అంది చేడత్తి.

రోసిలి గది తలుపుకు అడ్డంగా నిలబడింది. సరిగ్గా అప్పుడే బాహులేయన్ స్కూటరు వచ్చి గేటుకు గుద్దుకుంది. ముద్దగా తడిసి ఉన్నాడు.

"చేచ్చీ! నా కవర్లు నాకిచ్చేయండి! ఈ నెల కవర్లేవి, మళ్ళీ కాల్చేశావు కదూ అని పంచాయతీ వాళ్ళు పట్టుకున్నారు. చేచ్చికిచ్చాను, మిరప నారు పోస్తోందంటే అంతమందీ నవ్వుతున్నారు!"

వరండాలో అందరి చూపులూ గోతాల మీదకి, గోతాల మీద నుంచి రోసిలి మీదకి వెళ్ళాయి. ఆమె తలుపు ముందు నుంచి పక్కకు తప్పుకుంది. సుగతన్ తలుపు తోశాడు. ఫ్యాను తిరుగుతోంది. తాళ్ళ నిండా పాల కవర్లు తలలాడిస్తూ ఊగుతున్నాయి. చేడత్తి నమ్మకం కుదరక వంగి మంచం కింద కూడా చూసింది.

"చుట్టాలేరే?"

"లేరు చేడత్తీ."

"మరి ఎందుకే ఇదంతా?"

రోసిలి ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. "సంచి నిండకపోతే ఇక ఓనానికే వస్తానంది షీబ. వీళ్ళు కూడా రాకపోతే ఈ ఇంట్లో ఇక మాటే వినపడదు."

లతిక చేతిలోని పళంపొరిని తిరిగి పళ్ళెంలో పెట్టేసింది. షీబ తూకం కొక్కేన్ని ఊరికే తుడవసాగింది. బాహులేయన్, "పోనీలెండి, కవర్లు మీ దగ్గరే ఉండనీండి" అన్నాడు. గదిలో ఇక కవర్ల చప్పుడొకటే.

సుగతన్ రాజకీయ నాయకుడు. నిశ్శబ్దాన్ని ఎక్కువసేపు భరించలేడు.

"అద్భుతం!" అన్నాడు ఉన్నట్టుండి. "బస్‌స్టాపు చెత్తంతా కడిగి ఆరబెట్టిన మొదటి పౌరురాలు మన చేచ్చి! ఇవాళ్టి నుంచి ఈ వరండా మన వీధి సేకరణ కేంద్రం. అందరూ ఇక్కడికే తెచ్చివ్వండి. షీబా, మీరు ఇంటింటికీ తిరగనక్కర్లేదు."

అందరూ ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. రోసిలి కూడా కొట్టింది. రేపటి నుంచి వీధంతా తన వరండాకే వస్తుందని ఆమె ఆశ.

వీధంతా వచ్చింది. కానీ పొద్దున్నే ఆమె లేవకముందే వచ్చి, గేటుకు సంచులు తగిలించి వెళ్ళిపోయింది. నెలాఖరున షీబ, లతిక ఆటో ట్రాలీతో వచ్చారు. వీధి మొత్తం బరువూ ఒక్కచోటే ఎత్తాలి కాబట్టి వాళ్ళకి కూర్చునే తీరిక లేదు. "చాయ ఇంకోసారి చేచ్చీ" అని కేకేసి, ఆటో కదుల్తుండగానే ఎక్కారు. రోసిలి రెండు గ్లాసుల చాయా తానే తాగింది. ఇంటి నిండా నలుగురి చెత్త, ఇంట్లో తనొక్కతే.

మర్నాడు త్రేసియ చేడత్తి వచ్చింది. గేటు తీసుకుని లోపలికే వచ్చింది. రెండు వేళ్ళ మధ్య ఒకే ఒక్క పాల కవరు పట్టుకుని ఉంది.

"అదిగో ఆ గోతంలో పడేయండి చేడత్తీ."

"పడేస్తాలే. కాస్త కూర్చోనీ, మోకాళ్ళు పట్టేశాయి." కూర్చుంది. చాయ తాగింది. కూటం గురించి తాను చర్చిలో చెప్పినదంతా తానే మళ్ళీ చెప్పి నవ్వింది. లేస్తూ అంది, "మా ఇంట్లో ఆరుగురం ఉన్నామే. తలా ఒక ఫోను. నోరు తెరిచేది కుక్కరొక్కటే."

ఆ మర్నాడు ఇంకో కవరుతో వచ్చింది.

"నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి ఒకేసారి తేవచ్చుగా?"

"ఈ వయసులో అంత బరువు మోయమంటావా?"

రోసిలి మోయమనలేదు. ఇంకో వారానికి, మూడో ఇంట్లో ఒంటరిగా ఉండే రిటైర్డు హెడ్మాస్టరు కుట్టప్పన్ ఒక బిస్కెట్ పొట్లం కాగితం మడతపెట్టి జేబులో తెచ్చాడు. ఆయనకి షుగరు. బిస్కెట్లు కుక్కకన్నాడు. ఆయనకి కుక్క లేదని రోసిలికి తెలుసు. అయినా ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, కుర్చీ దులిపి వేసింది. మర్నాడు ఆయన ఇంకో పొట్లం కాగితంలో సగమే తెచ్చాడు, మిగతా సగం రేపటికట.

ఆ పై నెల గ్రామసభలో సుగతన్, ఇంత చైతన్యం ఉన్న వీధిలో చెత్త నెలనెలా ఎందుకు పెరుగుతోందో కనుక్కోవడానికి ఒక కమిటీ వేశాడు.