చుక్క గుర్తు ప్రశ్న

ఆ బుధవారం ఉదయం సదాశివరావు పెట్టుకున్న పనులు మూడే. స్నానం చెయ్యాలి. బస్టాపు దగ్గర అంకయ్యకు ఒక కాగితం ఇవ్వాలి. పదకొండింటికల్లా పార్లమెంటు చేరి, రెండో కాగితం పట్టుకుని అధికారుల గ్యాలరీలో కూర్చోవాలి. మొదటి పని కోసం గొడుగు తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళాడు.

గొడుగెందుకంటే, ఆర్.కె. పురంలో వాళ్ళుంటున్న సర్కారు క్వార్టరు స్నానాలగది కప్పు ఏడు నెలలుగా కారుతోంది. పైవాళ్ళు పోసుకున్న నీళ్ళు కిందివాళ్ళ నెత్తిన పడుతున్నాయి. ఫిర్యాదుల ఆఫీసులో సదాశివరావు ఏడుసార్లు రాసిచ్చాడు. ఏడుసార్లూ వాళ్ళు "తలుపు తాళం వేసి ఉంది" అని రాసుకుని ఫిర్యాదు మూసేశారు. సదాశివరావు భార్య సుభద్ర పగలంతా ఇంట్లో ఉండే మనిషి. వాళ్ళు ఏ తలుపుకి తాళం చూశారో ఆవిడకి అంతుపట్టలేదు.

నీళ్ళు కారడం కంటే ఆవిడని మండించేది ఇంకొకటి ఉంది. సర్కారు క్వార్టర్ల బాగోగులు చూసే మంత్రిత్వ శాఖలోనే ఆయన సెక్షన్ ఆఫీసరు. అందులోనూ పార్లమెంటు సభ్యులు అడిగే ప్రశ్నలకు మంత్రిగారి తరఫున జవాబులు తయారుచేసే సెక్షను.

"దేశంలో ఎవరేం అడిగినా జవాబు రాస్తారు. నేనడిగితే మాత్రం మీ దగ్గర జవాబుండదు" అంది ఒకరోజు.

"నువ్వు ఎంపీవి కాదుగా సుభద్రా" అన్నాడాయన, నవ్వించడానికి. ఆవిడ నవ్వలేదు. ఆ మాట మాత్రం ఆయన బుర్రలో ఉండిపోయింది.

సరిగ్గా ఆ వారంలోనే అంకయ్య ఇంటికొచ్చాడు. అతను వాళ్ళ జిల్లా ఎంపీ చెన్నకేశవులు దగ్గర పీయే. చెన్నకేశవులు ప్రతిపక్ష సభ్యుడు. నెగ్గి నాలుగేళ్ళయినా సభలో ఆవలించడానికి తప్ప నోరు తెరవలేదు. దానివల్ల ఇన్నాళ్ళూ ఎవరికీ నష్టం కలగలేదు. కానీ ఈ మధ్య ప్రశ్నోత్తరాల సమయాన్ని టీవీలో చూపించడం మొదలుపెట్టారు. ఊళ్ళో చెన్నకేశవులు భార్య తాయారమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్ళని కూడేసుకుని రోజూ టీవీ ముందు కూర్చుంటోందట. మీవారెప్పుడు కనిపిస్తారని వాళ్ళు అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతోందట.

"ఒక్క ప్రశ్న రాసిపెట్టండి సదాశివరావుగారూ. ఏదైనా పర్లేదు. ఆయనకి ప్రశ్న ముఖ్యం కాదు, లేచి నిలబడ్డం ముఖ్యం" అన్నాడు అంకయ్య.

సర్కారు ఉద్యోగి తన మంత్రినే నిలదీసే ప్రశ్నను ఎంపీకి రాసిచ్చాడని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఆ సంగతి సదాశివరావుకి నిబంధన సంఖ్యతో సహా తెలుసు. కుదరదని చెప్పి పంపేశాడు. మర్నాడు గొడుగుకున్న చిల్లులోంచి ఒక చల్లటి ధార సూటిగా మెడ వెనకనుంచి వెన్ను మీదికి దిగింది. తల కూడా తుడుచుకోకుండా వచ్చి ప్రశ్న రాశాడు. ఆర్.కె. పురం క్వార్టర్ల కప్పులు కారుతున్న మాట నిజమేనా? నిజమైతే, ఎందుకు బాగుచెయ్యలేదు?

కాగితం మీద జవాబొచ్చి ఊరుకునే రకం ప్రశ్నగానే రాశాడాయన. అంకయ్య దానికి నక్షత్రపు చుక్క పెట్టాడు. చుక్క ఉన్నవాటికే మంత్రి సభలో లేచి జవాబు చెబుతాడు, వాటినే టీవీలో చూపిస్తారు. రోజుకి ఇరవై చుక్క ప్రశ్నలు వేస్తారు, వరస లాటరీలో తేలుతుంది. చెన్నకేశవులు ప్రశ్న మొదటిదిగా తేలింది.

అది నాలుగు ఆఫీసులు తిరిగి, జవాబు రాయవలసిందిగా సదాశివరావు బల్లమీదికే వచ్చి చేరింది.

ఆయన ధైర్యం చేసి "అవునండి" అని రాశాడు. జాయింటు సెక్రటరీ భరద్వాజ్ దాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. తన పదిహేనేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క "అవును"ని కూడా సభ దాకా పోనివ్వలేదు. ఫిర్యాదుల ఆఫీసువాళ్ళ పుస్తకంలో పెండింగు సున్నా అని ఉంది కదా అన్నాడు. కాబట్టి జవాబు ఇలా తయారైంది: "మనుషులు నివసిస్తున్న ఏ క్వార్టరులోనూ కప్పు కారడం లేదండి. ఎందుకు బాగుచెయ్యలేదన్న ప్రశ్న ఉత్పన్నం కాదు."

అంతటితో పోలేదు. జవాబు విన్నాక సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వెయ్యొచ్చు. అది కూడా రాసిమ్మన్నాడు అంకయ్య. సభ్యుడు ఏమడగబోతాడో ఊహించి దానికి జవాబు రాయమన్నాడు భరద్వాజ్. ఊహించడం సదాశివరావుకి పెద్ద కష్టం కాలేదు. రెండూ ఒకే టైపు మిషను మీద, ఒకే రకం కాగితం మీద, ఇంగ్లీషులో కొట్టి, రెండు కవర్లలో పెట్టి, స్నానాలగది పక్కనున్న గోడ అల్మారాలో ఉంచాడు.

బుధవారం ఆయన గొడుగు కింద నీళ్ళు పోసుకుంటుండగా సుభద్ర అల్మారా తెరిచింది. గోడ చెమ్మెక్కి కవర్లు తడిసి ఉన్నాయి. పాపం పార్లమెంటు కాగితాలని, రెండూ తీసి ఇస్త్రీ చేసి, పాత కవర్ల మీద ఉన్నట్టే కొత్త కవర్ల మీద పేర్లు రాసి, జాగ్రత్తగా పెట్టింది. కాగితాలు రెండూ "సర్" అనే మొదలవుతున్నాయి. రెంటినిండా లీకేజీ అనే ఉంది.

పదకొండింటికి సభ మొదలైంది. ప్రశ్న నంబరు పిలిచారు. రాతపూర్వక జవాబు సభ ముందుంచామని మంత్రిగారు చెప్పి కూర్చున్నారు. చెన్నకేశవులు కొత్త కోటులో లేచి, కెమెరా ఎక్కడుందో చూసుకుని, అంకయ్య ఇచ్చిన కాగితం విప్పాడు.

"సర్. ఇది పూర్తిగా నిరాధారం. ఫిర్యాదు అందిన ఇరవైనాలుగు గంటల్లో మరమ్మతు జరుగుతోంది. మంత్రిత్వ శాఖ పనితీరు సంతృప్తికరంగా ఉంది" అని చదివాడు.

అధికార పక్షం బల్లలు చరిచింది. ప్రతిపక్షం అతనివైపు తిరిగి చూసింది. ఇంతకీ మీ ప్రశ్నేమిటని స్పీకరుగారు అడిగారు. చెన్నకేశవులు కాగితంలో వెతికి ఆఖరి వాక్యం పట్టుకున్నాడు.

"ప్రశ్న ఉత్పన్నం కాదు సర్."

గ్యాలరీలో సదాశివరావుకి తన ఒళ్ళో ఉన్న కవరులో ఏముందో అర్థమైంది. దాన్ని జేబులోకి తోయబోయేలోగా పక్కనున్న భరద్వాజ్ లాక్కుని బంట్రోతు చేతికిచ్చి మంత్రిగారికి పంపేశాడు. "సార్, అది..." అనబోతే, గ్యాలరీలో మాట్లాడకూడదని వేలు పెదవిమీద పెట్టి చూపించాడు.

మంత్రిగారికి కాగితాలు ముందుగా చదివే అలవాటు లేదు. కళ్ళజోడు పెట్టుకుని గంభీరంగా మొదలుపెట్టారు.

"సర్. ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఏడు నెలలుగా సొంత స్నానాలగదిలో గొడుగు పట్టుకుని స్నానం చేస్తున్న సంగతి మంత్రిగారికి తెలుసా? ఏడుసార్లు ఫిర్యాదు చేస్తే ఏడుసార్లూ తాళం వేసి ఉందని రాసిన సంగతి తెలుసా? తెలియకపోతే ఆయన ఏం చేస్తున్నట్టు?"

కింద క్వార్టరు నంబరు కూడా ఉంది. అదీ చదివారు.

అధికార పక్షం ఆయనవైపు తిరిగి చూసింది. ఎక్కడో తేడా జరిగిందని మంత్రిగారికి అప్పుడు తట్టింది. కానీ ముప్ఫైయేళ్ళ రాజకీయం ఊరికే పోలేదు. కళ్ళజోడు తీశారు. శాలువా కొసతో కళ్ళొత్తుకున్నారు.

"అడగవలసినవాళ్ళు అడగలేదు. అందుకే నన్ను నేనే అడుగుతున్నాను" అన్నారు. ఆ క్వార్టరు వారంలో బాగుపడుతుందని సభకి మాట కూడా ఇచ్చేశారు.

ఈసారి రెండు పక్షాలూ బల్లలు చరిచాయి.

మధ్యాహ్నం భరద్వాజ్ పిలిపించాడు. సదాశివరావు రాజీనామా మనసులోనే రాసుకుంటూ వెళ్ళాడు. మంత్రిగారి కాగితం ఎవరు రాశారని ఆయన అడిగితే, దాచి లాభం లేదనిపించింది.

"నేనే రాశాను సార్" అన్నాడు.

భరద్వాజ్ లేచొచ్చి చెయ్యి కలిపాడు. మంత్రిగారు ఇంత బాగా మాట్లాడటం ఆయన సర్వీసులో చూడలేదట. మెచ్చుకోలు లేఖ ఇవ్వమని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. చెన్నకేశవులు సంగతి కూడా శుభంగానే ముగిసింది. వాళ్ళ పార్టీ సంజాయిషీ అడిగింది. సంజాయిషీ రాసేవాళ్ళు దొరక్క, ఆయన ఆ వారమే అధికార పక్షంలోకి మారి ఒక కమిటీలో సభ్యుడయ్యాడు.

మిగిలిన చిక్కల్లా ఒక్కటే. ఏ క్వార్టరూ కారడం లేదని సభకిచ్చిన జవాబులో ఉంది. ఒకటి కారుతోందని మంత్రిగారే చెప్పారు. రెండూ రికార్డుకెక్కాయి. సభని తప్పుదారి పట్టించారన్న మాట ఎవరైనా తెస్తే మంత్రిగారికి ముప్పు. భరద్వాజ్ గంటసేపు జవాబు తిరగేసి, "మనుషులు నివసిస్తున్న" అన్నచోట ఆగాడు. ఆ క్వార్టరులో మనుషులు లేకపోతే రెండు మాటలూ నిజమే. కాబట్టి అది నివాసయోగ్యం కాదని ప్రకటించి, అందులో ఉన్నవాళ్ళని మూడు రోజుల్లో ఖాళీ చేయించాలి. ఉత్తర్వు రాయమని కాగితం సదాశివరావు ముందుకే తోశాడు.

"నీ డ్రాఫ్టు బాగుంటుంది" అన్నాడు.

ఆ క్వార్టరు నిజంగానే వారంలో బాగైంది. స్నానాలగదికి తెల్ల టైల్సు వేశారు. ఖాళీగా ఉంచడం ప్రజాధనం వృథా అని ఫిర్యాదుల ఆఫీసు ఇంజనీరు అందులో దిగాడు. సదాశివరావుకి ఘాజియాబాద్‌లో, ఆఫీసుకి రెండు బస్సులు మారేంత దూరంలో, నాలుగో అంతస్తులో క్వార్టరు ఇచ్చారు.

సామాను దించగానే సుభద్ర ముందు స్నానాలగదిలోకి వెళ్ళింది. కప్పు చూసింది, గోడలు తడిమి చూసింది. చివరికి కుళాయి తిప్పింది. సదాశివరావు గుమ్మంలో నిలబడి, ఎలా ఉందని అడిగాడు.

ఆ ఇంట్లో ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు, కుళాయిలోంచి కూడా.